రెండు వేళ్లు కలిసి జారవు

మధ్యలో వచ్చి చేరినవాళ్లకీ, పోయిన వారం ఎక్కడ ఆగామో మరిచిపోయినవాళ్లకీ ముందుగా నాలుగు ముక్కలు. రేడియో స్టేషన్లో వార్తలు చదివే మన మనిషిని అందరూ చిన్నగొంతు అంటారు. గొంతు చిన్నదని కాదు. అతనికి పని నేర్పిన గురువూ, పిల్లనిచ్చిన మామగారూ ఒక్కరే. ఆయన్ని లోకమంతా పెద్దగొంతు అనేది కాబట్టి, ఆయన చేతికింద తయారైన ఇతను చిన్నగొంతు అయ్యాడు. ఆ పెద్దాయన కన్నుమూసిన రోజు సాయంత్రం వార్తలు తానే చదువుతానని అల్లుడు పట్టుబట్టాడు. ఇంకెవరిచేతనైనా చదివిద్దామని డైరెక్టరు నచ్చజెప్పినా వినలేదు. గొంతు వణక్కుండా, ఒక్క అక్షరం మింగకుండా చదివాడు. తీరా చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి, "ఆయన మృతికి పలువురు ప్రముఖులు సంతోషం వ్యక్తం చేశారు" అన్నాడు. సంతాపం అనాల్సినచోట సంతోషం. ఊరంతా విన్నది. అప్పటినుంచి అతన్ని మైకు దరిదాపులకి రానివ్వడం లేదు. టేపుల గదిలో కూర్చోబెట్టి, మనసు డాక్టరుకి చూపించుకు రమ్మన్నారు. ఆవిడ సరేనంటే అప్పుడు చూద్దామన్నారు.

ఇక కథలోకి.

ఆవేళ కూడా చిన్నగొంతు డాక్టరమ్మ దగ్గరికి ఆలస్యంగానే చేరాడు. ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా, ఏదో ఆలోచిస్తూ రేడియో స్టేషనుకి వెళ్లే బస్సెక్కాడు. సగం దారి పోయాక గాని తెలిసిరాలేదు. దిగి, రోడ్డు దాటి, ఎండలో నిలబడి మళ్లీ ఇటు బస్సు పట్టుకున్నాడు. టికెట్టు ఇస్తున్న కండక్టరు అతని ముఖంలోకి ఒకసారి చూసి, నవ్వు బయటపడకుండా పెదవి కొరుక్కున్నాడు. ఊళ్లో ఈమధ్య అతనికి ఇంకో పేరు కూడా వచ్చింది. సంతోషం గారు అంటున్నారట. ముఖాన అనరు. అతను దాటిపోయాక అంటారు, సరిగ్గా వినపడేంత దూరంలో.

డాక్టరమ్మ గది మేడ మీద ఉంది. ఆవిడ వయసు పైబడిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎప్పుడూ వదలని జలుబు, చేతిలో రుమాలు. బల్లకి అవతల కూర్చోదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల వైపు సూటిగా చూడకుండా వీధి వైపు చూస్తూ వింటుంది. అది కూడా చిన్నగొంతుకి ఒళ్లు మంటగానే ఉంది. వినేవాళ్లు కనపడకుండా మాట్లాడటం అతనికి అలవాటే. కనపడుతూ ఇటు చూడకపోతేనే కష్టం.

బస్సు పొరపాటు గురించి చెప్పి క్షమించమన్నాడు. ఆవిడ తల ఊపి, కిందటిసారి మీకు రోజే తప్పిపోయింది కదా అంది. పనుల ఒత్తిడి అన్నాడు అతను. టేపుల గదిలో అంత ఒత్తిడి ఉంటుందా అని ఆవిడ ఎంతో మామూలుగా అడిగింది. అతను పళ్లు బిగించాడు.

ఇంక నాన్చుడెందుకని, ఆ రోజు సూటిగా విషయానికి వచ్చాడు. తనకి జబ్బేమీ లేదు. నిద్ర పడుతోంది, తింటున్నాడు. ఆయన పోయిన రోజు పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, వచ్చేపోయే జనాన్ని చూసుకుంటూ, ఆ అలసటతో మైకు ముందు కూర్చున్నాడు. నాలుక జారింది. లోకంలో నాలుక జారని మనిషి ఉన్నాడా? రెండు మాటలూ ఒకే అక్షరాలతో మొదలవుతాయి. పక్కపక్కన ఉన్న రెండు తలుపుల్లో ఒకటి తీయబోయి ఇంకోటి తీసినట్టు. దానికింత రాద్ధాంతం ఏమిటి?

"జారిందన్నది నిజమే," అంది డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "ఎటు జారింది, ఎందుకు అటే జారింది అన్నదొక్కటే నా ప్రశ్న. మీరన్నట్టు మొదటి అక్షరాలు ఒకటే. ఆ తర్వాత సంతకం రావచ్చు, సంతానం రావచ్చు, ఏ సంతో రావచ్చు. సంతానం వ్యక్తం చేశారంటే జనం నవ్వుకుని మర్చిపోయేవాళ్లు. మీకు వచ్చింది సంతోషం."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ మాటలతో ఆడుకుంటోందని అన్నాడు. మాటలతో ఆడుకోవడం తన పనేనని, మనుషులు దాచుకునేదీ, దొరికిపోయేదీ కూడా వాటితోనేనని ఆవిడ జవాబిచ్చింది. ఆ తర్వాత, అంతవరకూ ఎప్పుడూ చెప్పనంత విడమరిచి చెప్పింది. మనిషి తనకి తెలిసినంత మేరకే తను అనుకుంటాడు. కానీ ఆ తెలిసినదాని అడుగున, మనల్ని అడక్కుండానే కోరుకునేదొకటి ఉంటుంది. దానికి మంచీ చెడూ లేదు, చిన్నా పెద్దా లేదు. కావాలంటుంది, వద్దంటుంది, అంతే. పసితనంలో బాహాటంగానే అంటుంది. పెద్దయ్యేకొద్దీ సిగ్గుపడి మూత పెడతాం. కొన్నాళ్లకి, మూత పెట్టిన సంగతి కూడా మర్చిపోతాం. లోపల ఉన్నది మాత్రం చావదు. ఎప్పుడో మనం అలసిపోయినప్పుడో, మరీ జాగ్రత్తగా ఉన్నప్పుడో, నాలుకలోంచో చేతిలోంచో కలలోంచో దాని మాట అది చెప్పేసి వెళ్లిపోతుంది.

"అంటే మా మావయ్య పోవాలని నేను కోరుకున్నానంటారా?"

"నేననలేదే. మీరే అన్నారు."

చిన్నగొంతు లేచి నిలబడ్డాడు. ఆ గదిలో తిరగడానికి చోటు లేక, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగాడు. ఆయన తనకేమయ్యాడో ఈవిడకేం తెలుసు? చదువు అబ్బక, దిక్కూ మొక్కూ లేక, బట్టల దుకాణం గుమ్మంలో స్టూలెక్కి తక్కువ ధర, తక్కువ ధర అని గొంతు చించుకుని అరిచే కుర్రాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? కొనడానికి వచ్చిన ఆ పెద్దమనిషి చొక్కా మాట మర్చిపోయి, ఆ కుర్రాడి అరుపు విని ఆగాడు. మర్నాడు స్టేషనుకి రమ్మన్నాడు. ఏళ్ల పొడుగునా ఒత్తులు సరిదిద్దాడు. ఊపిరి ఎక్కడ తీయాలో, ఎక్కడ ఆపాలో, ఏ మాట మీద బరువు పెట్టాలో అన్నం కలిపి ముద్ద పెట్టినట్టు నేర్పాడు. ఒక్కగానొక్క కూతుర్నిచ్చాడు. ఆ మనిషి ఎదుట తను ఇన్నేళ్లలో ఒక్కసారి గొంతెత్తలేదు. అలాంటి మనిషి చావు కోరేవాడు మనిషేనా?

ఇదంతా చెబుతుంటే గొంతు తనకి తెలియకుండానే స్టూడియో గొంతు అయిపోయింది. మాటల మధ్య విరామాలు వాటంతటవే పడ్డాయి. డాక్టరమ్మ మొదటిసారి కిటికీలోంచి చూపు తిప్పి అతని వైపు చూసింది.

"ఒక్కసంగతి చెప్పండి. ఆయన మిమ్మల్ని చేరదీయకముందు, ఆ బట్టల దుకాణం దగ్గర, మీ గొంతు ఎలా ఉండేది?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని చెప్పబోయాడు. నోరు తెరిచాడు. ఏమీ తట్టలేదు. స్టూలు గుర్తుంది, నెత్తిన ఎండ గుర్తుంది, లోపల వేలాడే బట్టల వాసన గుర్తుంది. తన గొంతు మాత్రం లేదు. ఎంత వెతికినా, తక్కువ ధర, తక్కువ ధర అని మామగారి గంభీరమైన గొంతే చెవిలో పలుకుతోంది.

దానితో కోపం నసాళానికి అంటింది. ఈ రోజుకి చాలు, ఇక రాను, మీరు రాసేదేదో రాసుకోండి అని విసవిసా బయటికి నడిచి, తలుపు ధడాలున వేశాడు. ఆ తలుపు గడియ ఊడి ఎన్నాళ్లయిందో. వేసిన ఊపుకి గుమ్మానికి కొట్టుకుని మళ్లీ పూర్తిగా తెరుచుకుంది. వెనక్కి వచ్చి మెల్లగా వేసి వెళ్లాల్సివచ్చింది. వచ్చేవారం ఇదే వేళకి అని లోపలినుంచి ఆవిడ మామూలుగా చెప్పడం వినపడింది.

అదే కోపంతో మధ్యాహ్నానికి టేపుల గదికి వచ్చిపడ్డాడు. అది స్టేషను మేడ కింద, కిటికీ లేని గది. నేలనుంచి పైకప్పుదాకా అట్టపెట్టెలు, మధ్యలో పాత టేపుయంత్రం, దాని పక్కన చిన్న మైకు. పాత చక్రాల టేపులు ఒక్కొక్కటి వినిపించి చూసి, బాగున్నవాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎక్కించేముందు అదేం టేపో ఆ మైకులో ఒక ముక్క చెప్పాలి. అంతే పని. ఆ గదిలో అతని నోటికి మిగిలింది ఆ ఒక్క ముక్కే.

ఆ మధ్యాహ్నం అతను వినాల్సింది వరద టేపు. ఆ టేపు సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు. పూర్వం ఒకసారి వానలకి ఏరు పొంగి ఊళ్లోకి వచ్చేసింది. కరెంటు పోయింది. ఆ రాత్రి జనం మిద్దెల మీదా అటకల మీదా కూర్చుని, బ్యాటరీ రేడియోలు చెవికి ఆనించుకుని, తెల్లారేదాకా పెద్దగొంతు ఒక్కణ్ణే నమ్ముకున్నారు. నీళ్లు ఏ వీధి దాటాయో, పడవలు ఎటునుంచి వస్తున్నాయో, ఎవరు ఎటు వెళ్లకూడదో ఆయన ఒక్క క్షణం తడబడకుండా చెబుతూనే ఉన్నాడట. ఆ రాత్రి గొంతుకి మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క టేపు. స్టేషనువాళ్లు చేయబోయే ఆయన సంస్మరణ కార్యక్రమానికి అదే ప్రాణం. అది భద్రంగా ఎక్కించారా లేదా అని ఇంట్లో భార్య రోజూ అడుగుతోంది. రోజూ ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాడు. యంత్రం శుభ్రం చేయాలన్నాడు, టేపు పెళుసుగా ఉందన్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం, డాక్టరమ్మ మీద కసితో, మా మావయ్య అంటే నాకెంతో చూపిస్తానన్నట్టు, పెట్టె దించి టేపు ఎక్కించి మీట నొక్కాడు.

మర్నాడు పొద్దున్న వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని విన్నాడు.

మొదట సన్నటి బుస. తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత, కూరగాయల ధరలు మళ్లీ పెరిగాయని, ఉత్తరాన మబ్బులు పడుతున్నాయని, కొత్త వంతెన పనులు ఆగిపోయాయని ఎవరో గబగబా చదువుకుపోతున్నారు.

అతనికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అది నిన్నటి పేపరు. చదువుతున్నది తను. మైకు దూరమయ్యాక అలవాటు చావక, టేపు తిరుగుతుండగా బల్ల మీదున్న పేపరు తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా పైకి చదివాడు. చదివాక ఎందుకో ఒళ్లు తేలికైనట్టుందని కూడా గుర్తు. టేపు పాడుతోందనుకున్నాడు. హెడ్‌ఫోన్లు మాత్రం బల్ల మీదే వదిలేశాడు. టేపు పాడలేదు. ఎక్కించుకుంది. బల్ల మీది చిన్న మైకులోంచి అతని మాటలన్నీ తీసుకుని, వాటి కిందున్న గొంతుని తుడిచేసింది.

యంత్రం చెడిపోయిందనుకున్నాడు. అదే మొదట తట్టింది. పనికిరాని టేపొకటి ఎక్కించి చూశాడు. రికార్డు చేసే ఎర్రమీట ఒక్కటీ నొక్కితే అది పనిచేయలేదు. పనిచేయదు కూడా. ఈ గదికి వచ్చిన మొదటి రోజే చెప్పారు. పొరపాటున టేపులు చెరిగిపోకుండా, ఎర్రమీటా పక్కనున్న నల్లమీటా రెండూ ఒకేసారి కలిపి నొక్కితేనే పని జరిగేటట్టు దాన్ని తయారుచేశారు. అతను మోచేయి ఆనించి చూశాడు. పేపరు దాని మీద పడేసి చూశాడు. చొక్కా చేతి అంచు తగిలేటట్టు ముందుకి వంగి చూశాడు. గుడ్డిగా తడిమి చూశాడు. ఊహూఁ. చూపుడు వేలు ఎర్రదాని మీదా, నడిమి వేలు నల్లదాని మీదా పెట్టి, కాస్త బలంగా, కలిపి నొక్కాలి. అప్పుడు గాని చిన్న ఎర్రదీపం వెలగదు.

ఆ దీపం వెలిగే ఉండాలి. అతని ముఖానికి ఎదురుగా, పేపరు చదివినంతసేపూ వెలిగే ఉండాలి.

నాలుక జారిందని నిన్న ఎంత గొడవ చేశాడు. ఒక నాలుక జారుతుంది, సరే. ఒక వేలు జారుతుంది. రెండు వేళ్లు కూడబలుక్కుని జారతాయా? తన చేతిని ఎవరి చేతినో చూసినట్టు బల్ల మీద పెట్టి చూసుకున్నాడు.

అయినా టేపు ఆపలేదు. ఆపాలి, మిగిలినదైనా ఉందేమో చూడాలి. కానీ ఆ గొంతు అతన్ని కట్టిపడేసింది. అది స్టూడియో గొంతు కాదు. పలచగా ఉంది, కాస్త ముక్కుతో పలుకుతోంది, వాక్యం చివర బజారు రాగం తీస్తోంది. తప్పులున్నాయి. ఊపిరి ఎక్కడపడితే అక్కడ తీస్తోంది. కానీ కూరగాయల ధరలు చెబుతుంటే, నిజంగా సంచీ పట్టుకుని బజారుకి వెళ్లివచ్చినవాడు చెబుతున్నట్టుంది. ఈ గొంతు బాగుంది అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం, ఏ గొంతుని చెరిపి ఇది వినపడుతోందో గుర్తొచ్చి, చెవులకి ఉన్నది లాగి పారేశాడు.

చివర టేపు కొంచెం మిగిలింది. అతని పేపరు అయిపోయిన తర్వాతి భాగం. అందులో మాట లేదు. వాన చప్పుడు మాత్రం ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య భోజనాల బల్ల దగ్గర దీపం దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. ఆమె పని కళ్లజోళ్ల దుకాణంలో. షాపులో తెమలని పని ఇంటికి తెచ్చుకుంటుంది. ఎవరిదో పాత కళ్లజోడు చేతిలో పట్టుకుని, కంటికి ఆనీ ఆనని మరను సూదంత పనిముట్టుతో తిప్పుతోంది. తండ్రి పోయినప్పటినుంచి ఆమె భర్త ముఖం చూసి మాట్లాడటం మానేసింది. పెట్టాల్సింది పెడుతుంది, అడగాల్సింది అడుగుతుంది, చూపు మాత్రం ఎప్పుడూ అతని భుజం పక్కనుంచి పోతుంది. తల్లి కూడా ఇప్పుడు వీళ్ల దగ్గరే ఉంటోంది. లోపలి గదిలో పడుకుని ఉంది.

నిలబడే చెప్పాడు. దాచకుండా, రెండు మీటల సంగతితో సహా చెప్పాడు. ఆమె చేతిలో పని ఆగలేదు.

"అంతా పోయిందా?"

"చివర కొంచెం ఉంది. వాన చప్పుడు."

"ఎందుకు చేశారు?"

"చెయ్యలేదు. జరిగింది."

"మీకు అన్నీ జరుగుతాయి," అంది ఆమె, మర తిప్పుతూనే. "మీరేమీ చెయ్యరు."

ఆమె అరిచి ఉంటే తట్టుకునేవాడు. ఆ నెమ్మదితనం అతన్ని రెచ్చగొట్టింది. పొద్దుటినుంచి, కాదు, ఎన్నాళ్లనుంచో మింగలేక కక్కలేక ఉన్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. నీకేం తెలుసన్నాడు. కూతురివి కాబట్టి నీకు తండ్రయ్యాడు, నాకు బతుకే ఆయనన్నాడు. ఆయన దగ్గితే నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది నేను. ఆయన ఊపిరి ఎక్కడ తీస్తే నేనూ అక్కడే తీశాను. జలుబు చేసినా, జ్వరం వచ్చినా, ఆయనలాగే చదివాను గాని నాలాగా ఒక్కనాడు చదవలేదు.

"ఆయన బతికున్నన్నాళ్లూ," అన్నాడు, "నేను చచ్చినట్టు..."

అక్కడ ఆగిపోయాడు. చచ్చినట్టు ఆయన మాట విన్నానని అనబోయాడు. అందరూ రోజుకి పదిసార్లు అనే మాటే. దానికెవరూ అర్థం వెతకరు. కానీ ఆ మాట గదిలో పడిపోయింది, అతను దాన్ని విన్నాడు. ఆయన బతికున్నన్నాళ్లూ తను చచ్చినట్టు. ఇంకేం కలపక్కర్లేదు. వాక్యం పూర్తయిపోయింది.

భార్య పనిముట్టు కింద పెట్టింది. ఎన్నాళ్లకో తలెత్తి తిన్నగా అతని ముఖంలోకి చూసింది.

"కూర్చోండి," అంది.

కూర్చున్నాడు.

తండ్రి పోయిన సాయంత్రం ఇంటి దగ్గర ఏం జరిగిందో ఆమె అప్పుడు చెప్పింది. అంతవరకూ అతనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. హాలునిండా జనం. మధ్యలో తండ్రి. అల్లుడు వార్తలు చదువుతాడని తెలిసి, తల్లే రేడియో పెట్టమంది. అందరూ తలలు వంచుకుని వింటున్నారు. ఆమె కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే, తండ్రే ఎక్కడో కూర్చుని తన చావు వార్త తనే చదువుకుంటున్నట్టుంది. అదే బరువు, అవే విరామాలు. ఈ మనిషి పోయినా పోడు, మా ఇంట్లో వినపడుతూనే ఉంటాడని భయం వేసిందట.

"చివర్లో మీరా మాట అన్నారు. నాలుక తడబడిందని అందరికీ చెబుతున్నారు కదా, తడబడలేదండీ. వార్తంతా నాన్నగారు చదివారు. ఆ ఒక్క మాటా మీరు చదివారు. మీ గొంతుతో. పెళ్లికి ముందు మీరు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, నాన్నగారు లేనప్పుడు నాతో మాట్లాడేవారే, ఆ గొంతుతో."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"జనమంతా బిగుసుకుపోయారు. నాకు నవ్వొచ్చింది," అంది ఆమె. "మామూలు నవ్వు కాదు. స్నానాలగదిలోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నేను ఏడుస్తున్నాననుకుని బయట అందరూ జాలిపడ్డారు. తండ్రి హాల్లో పడుకుని ఉంటే కూతురు నవ్వుతోంది. ఇన్నాళ్లూ మీ మీద కోపమని మీరనుకుంటున్నారు. కోపం కాదు. మీ ముఖం చూస్తే మళ్లీ నవ్వొస్తుందని భయం."

ఇంట్లో అన్నం తినేటప్పుడు తండ్రి తన మాటలు ఎలా సరిదిద్దేవాడో ఆమె చెప్పుకొచ్చింది. ఒత్తు తగ్గితే మళ్లీ అనమనేవాడు. వాక్యం మధ్యలో ఆపి, మొదటినుంచి చెప్పమనేవాడు. అలా సరిదిద్దించుకుని సరిదిద్దించుకుని, చివరికి ఏం చెప్పాలనుకుందో తనకే గుర్తుండేది కాదు. మెల్లగా మాట్లాడటమే తగ్గించేసింది. ఏరి కోరి, ఇది కనపడుతోందా, ఇప్పుడు బాగుందా అన్న రెండు ముక్కలతో రోజు వెళ్లిపోయే ఉద్యోగం చూసుకుంది. ప్రేమగా చూడలేదా అంటే చూశాడు. ఆయన జబ్బుపడితే తను రాత్రుళ్లు కూర్చోలేదా అంటే కూర్చుంది. ఇదీ నిజమే, అదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో తనకి తెలియదు. ఉన్నాయని మాత్రం ఆ రోజు కుళాయి కింద తెలిసిందంది.

చిన్నగొంతు చాలాసేపు తన చేతివేళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ చెప్పినదాన్ని నమ్మాడని కాదు. ఆవిడ మీద కోపం ఇంకా అలాగే ఉంది. నిజానికి ఇంకాస్త పెరిగింది. గదిలో కూర్చుని వీధిలోకి చూసే మనిషికి, తన ఇంట్లో, తన చేతిలో ఉన్న సంగతి తనకన్నా ముందు ఎలా తెలిసిందని. కానీ ఆ కోపంతో ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు.

"నేను ఆయన్ని ప్రేమించాను," అన్నాడు చివరికి.

"తెలుసు."

"నిజంగానే ప్రేమించాను."

"తెలుసంటున్నాను కదా. ఆ టేపు మీద మీ గొంతు ఎలా ఉంది?"

"పలచగా ఉంది. ముక్కుతో వస్తోంది." కొంచెం ఆగి, తప్పు చేసినవాడిలా మెల్లగా అన్నాడు. "బాగుంది."

ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. అతను చూశాడు. చూశాడని ఆమెకి తెలిసింది. ఇద్దరూ ఒక్క క్షణం, నవ్వితే ఇల్లు కూలుతుందేమో అన్నట్టు, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. అది పెద్ద నవ్వేమీ కాదు. దానివెంటనే ఆమె ఏడ్చింది, అతనూ ఏడ్చాడు. ఆయన పోయిన తర్వాత అతను ఏడవడం అదే మొదలు.

రేపు డైరెక్టరుకి ఏం చెప్పాలన్నది తర్వాత ఆలోచించారు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఉద్యోగం ఉండదు. యంత్రం మీదకి నెడితే ఉండొచ్చు. యంత్రం మీదకి నెట్టడం మొదలుపెడితే ఇంక ఎప్పటికీ అదే పని అవుతుందని అతనన్నాడు. అన్నిటికన్నా ముందు అత్తయ్యకి చెప్పాలి. ఆవిడకి భర్త జ్ఞాపకం అంటే అదొక్కటే మిగిలింది. ఆ మాట తలుచుకుని లేచాడు.

వెళ్లక్కర్లేకపోయింది. లోపలి గది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. జుట్టు ముడి వదులై భుజం మీద పడింది. కళ్లల్లో నిద్ర లేదు.

"ఏ టేపు?" అంది.

అతను దగ్గరికి వెళ్లి, తల దించుకుని చెప్పాడు. వరద టేపు, అత్తయ్యా. నా చేతులతోనే చెరిగిపోయింది. జరిగిందని అనను, నేనే చెరిపాను. మీరు ఏమన్నా పడతాను.

ఆవిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, కూతురి పక్క కుర్చీలో కూర్చుంది. బల్ల మీది కళ్లజోడు చేతిలోకి తీసుకుని, కాడలు ఒకటి రెండుసార్లు తెరిచి మూసింది. ముఖంలో దుఃఖం ఉంటుందనుకుని చూసిన కూతురికి అక్కడ వేరే ఏదో కనపడింది. చాలాకాలం బరువు మోసి దించుకున్నవాళ్ల ముఖం అలా ఉంటుంది.

"పోతే పోనీ," అంది ఆవిడ. "అందులో ఉన్నది మీ నాన్న గొంతు కాదు."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. అమ్మకి మతి తప్పుతోందేమోనని ఒక్క క్షణం భయపడింది. ఆవిడ ఆ సంగతి గ్రహించినట్టు తల అడ్డంగా ఊపింది.

"నాకేం కాలేదు. ఆ రాత్రి మీ నాన్న స్టేషనుకి వెళ్లలేదు. నీళ్లు గుమ్మందాకా వచ్చేసరికి అటకెక్కి, నా పక్కన కూర్చుని, నా భుజం పట్టుకుని వణికిపోయాడు. నువ్వు నా ఒళ్లో నిద్రపోతున్నావు. రేడియో పెట్టాం. అందులో అచ్చం ఆయన గొంతే వస్తోంది. ఆయన నా పక్కన ఉన్నాడు, ఆయన గొంతు రేడియోలో ఉంది. తెల్లారేదాకా విన్నాం."

మామగారి గొంతు తెచ్చుకోవడానికి ఇన్నేళ్లు చిన్నగొంతు మళ్లీ మళ్లీ విన్నదీ, అరిగిపోయేదాకా అనుకరించిందీ ఆ రాత్రి గొంతునే.

"మరి చదివిందెవరు, అత్తయ్యా?"

ఆవిడ కళ్లజోడు బల్ల మీద పెట్టి, అల్లుడి వైపు తిరిగింది.

"అదీ చెబుతాను. ముందు ఇది విను. తన గొంతు తనే వింటూ, ఆ చీకట్లో, మీ మావయ్య ఏం కోరుకుంటున్నానని నాతో అన్నాడో తెలుసా బాబూ, ఆ చదివేవాడి గురించి?"

మిగతాది వచ్చే వారం.